తేడా లేదు

జూన్ 3

గేజీ పదమూడు. గేటు మూసే ఉంది.

ఇది ఆఫీసు పుస్తకం కాదు కనుక నీళ్ళ గేజీ అంకెతో మొదలుపెట్టక్కర్లేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే రాసింది. ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించేది కాదు. చెప్పుకోవడానికి మనిషి లేక రాస్తున్నాను. మనిషి లేకేం, ఆయన ఉన్నారు. ఆయనకి చెప్పలేక రాస్తున్నాను.

ఇవాళ అక్క దగ్గరికి వెళ్ళాను. కాలువ గేటు దాటి, గట్టు దిగి, తుంగలో పడి నడిస్తే అరగంట. చిన్నప్పటి నుంచీ కాళ్ళకి తెలిసిన దారి. సగం దూరంలో కుడికాలు మోకాలి దాకా దిగబడిపోయింది. పోయినేడు అదే చోట చెప్పులతో నడిచాను. కాలు లాక్కుని నిలబడేసరికి చుట్టూ నేల వణికింది. నా ఒక్కదాని బరువుకి అల్లంత దూరాన ఉన్న తుంగ కూడా ఊగింది. కింద నేల లేదేమో, నీళ్ళ మీద తేలే గడ్డి దుప్పటి మీద నిలబడ్డానేమో అనిపించింది. దేవుణ్ణి తలుచుకుంటూ, కర్రతో పొడిచి చూసుకుంటూ మిగతా దారి నడిచాను.

నా బురద కాళ్ళు చూసి అక్క నవ్వింది. లాకు దొరసాని గారికి మా రాజ్యంలో నడవడం చేతకావట్లేదంది. ఆయన గేటు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అక్క నోట ఆయన లాకు దొర, నేను దొరసానిని. బావ పోయి ఆరేళ్ళయినా అక్క ఆ దిబ్బ మీది ఇంట్లో ఒక్కతే ఉంటుంది. తుంగ కోసుకుని, ఎండబెట్టుకుని, చాపలు అల్లుకుంటుంది.

ఇంటి ముందు చివరి మెట్టు కనబడలేదు. ఏమైందని అడిగితే, నీళ్ళలో ఉంది, అదెక్కడికి పోతుంది అంది.

జూన్ 4

గేజీ పదమూడు. మూసే ఉంది.

జూన్ 9

పెద్దాఫీసు నుంచి కొలతల అమ్మాయి వచ్చింది. నెల రోజులు మా ముందు గదిలో ఉంటుంది. పాతికేళ్ళుంటాయి. తన బరువంత ఇనప కడ్డీలు తనే మోసుకొచ్చింది. ఈ చిత్తడి నేల ఎందుకు మునిగిపోతోందో తేల్చి రిపోర్టు రాయాలట.

ఆయన చాలా సంబరంగా అన్నీ చూపించారు. ఇటు ఏటి కాలువ, అటు చిత్తడి, మధ్యలో గేటు. అటువైపు నీళ్ళలో పాతిన గేజీ స్తంభం, దాని మీద ఇరవై గీతలు, పన్నెండో గీత ఎర్రది. నీళ్ళు ఎర్ర గీత దాటితే గేటు మూయాలి, దిగితే తెరవాలి. రూలు పలక మీద రాసి ఉంది. పొద్దునా సాయంత్రం గేజీ చదివి పుస్తకంలో ఎక్కించేది నేను, దాన్ని బట్టి చక్రం తిప్పేది ఆయన, నెలాఖరున సంతకం ఆయనది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా రూలు తప్పలేదని చెప్పారు. మార్చిలో రిటైరవుతున్నానని కూడా చెప్పారు.

ఏడాదికి ఎన్ని రోజులు గేటు తెరుస్తారని ఆ అమ్మాయి అడిగింది. పుస్తకాలు తీసి లెక్క చూశాం. పదేళ్ళ కిందట పది నెలలు తెరిచే ఉండేది. పోయినేడు ముప్పై ఒక్క రోజులు.

"నీళ్ళు పెరిగిపోతున్నాయమ్మా. మేమేం చేస్తాం?" అన్నారాయన.

నేను ఆ అమ్మాయికి మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను. చెంబు ఆమె ముందరే ఉంది.

జూన్ 12

గేజీ పదమూడున్నర.

కొలతల అమ్మాయి ఆరు నెలల కిందట ఒకసారి వచ్చి చిత్తడిలో అక్కడక్కడా తెల్లపొడి చల్లి వెళ్ళిందట. నీళ్ళు ఒండ్రు తెస్తుంటే అది తెల్లపొడి మీద పేరుకుంటుంది. నేలని ముక్కగా కోసి చూస్తే, తెలుపు మీద ఎంత మట్టి చేరిందో కనబడుతుంది. ఇవాళ నన్ను తోడు తీసుకెళ్ళి ఐదు చోట్ల కోసింది. ఐదు చోట్లా తెల్లపొడి నిన్న చల్లినట్టు పైనే ఉంది. ఒక్క పొర మట్టి లేదు.



జూన్ 15

ఇవాళ అడిగింది.

స్తంభం మెత్తటి నేలలో ఉంది కాబట్టి ఏటా ఎండల్లో ఒకసారి దాన్ని సరిచూడాలని రూలు. గేటు రాతిగోడలో ఇత్తడి బిళ్ళ ఒకటి పొదిగి ఉంది. ఆ గోడ పునాది లోతున గట్టి నేలలో ఉంది, అది కదలదు. బిళ్ళ నుంచి స్తంభం దాకా నీటిగొట్టం పట్టి, తాపీమేస్త్రీలు మట్టం చూసినట్టు చూసి, స్తంభం దిగిందో లేదో రాయాలి. మొదట్లో దీనికి పెద్దాఫీసు మనిషి వచ్చేవాడు. ఆ పోస్టు తీసేశాక మమ్మల్నే చూడమన్నారు.

"ఏటా చూస్తున్నారు కదా, పిన్నిగారూ? తొమ్మిదేళ్ళూ 'తేడా లేదు' అని ఉంది."

"రాసి ఉంది కదమ్మా" అన్నాను.

జూన్ 16

అబద్ధం చెప్పలేదు. రాసి ఉందన్నాను. రాసే ఉంది.

జూన్ 17

గేజీ పదమూడున్నర. ప్రార్థనలో అక్క గురించి అడిగాను, ఆయన మోకాళ్ళ గురించి అడిగాను, పరాయి ఊళ్ళో పనిచేసుకుంటున్న ఆ అమ్మాయి గురించి కూడా అడిగాను. ఒక్క సంగతి పక్కన పెట్టి మిగతావన్నీ అడిగాను.

జూన్ 20

రాసేస్తాను. కాగితం మీద పెడితే కాస్త తేలికవుతుందేమో.

తొమ్మిదేళ్ళ కిందట ఆయన జ్వరంతో పడుకుంటే, గొట్టం నేనే పట్టాను. స్తంభం ఒక గీత దిగినట్టు వచ్చింది. గీత అంటే నాలుగు వేళ్ళు. గొట్టంలో గాలి బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది. బుడగే అనుకున్నాను. పైగా తేడా రాస్తే పెద్దాఫీసు నుంచి మనుషులొస్తారు, పాత పుస్తకాలన్నీ తిరగేస్తారు, ఈవిడకి గొట్టం ఎవరిచ్చారని అడుగుతారు. 'తేడా లేదు' అని రాశాను. వచ్చే ఏడు సరిగ్గా చూద్దామనుకున్నాను.

వచ్చే ఏడు గొట్టంలో బుడగ లేకుండా రెండుసార్లు కడిగి చూశాను. గీతన్నర. అది రాస్తే పోయినేడు ఏం చూశావంటారు. 'తేడా లేదు' అని రాశాను.

మూడో ఏడు గొట్టం తియ్యలేదు. తర్వాత ఎప్పుడూ తియ్యలేదు. అది కొట్టుగదిలో ఎలకలు కొరికి మూడు ముక్కలైంది.

తేలిక కాలేదు.

జూన్ 24

వంటగదిలో కూర్చుని ఆ అమ్మాయి తన తలనొప్పి నాకు చెప్పుకుంది. చిత్తడి నేల దానంతటది ఏటా కొంచెం అణుగుతుందట, అది సహజమట. కాలువ నుంచి బురదనీళ్ళు వచ్చి ఒండ్రు పరిచి, అణిగినంత మేరా మళ్ళీ నింపుతాయి. తుంగ వేళ్ళు ఆ మట్టిని పట్టి ఉంచుతాయి. బురదనీళ్ళు ఆగిపోతే అణగడం ఒకటే మిగులుతుంది. మంచినీళ్ళు లేక సముద్రపు ఉప్పునీళ్ళు లోపలికొచ్చి వేళ్ళు కుళ్ళబెడతాయి. అప్పుడింకా తొందరగా దిగుతుంది.

"మీ నేల దిగుతోందనే నాకు గట్టిగా అనిపిస్తోంది. రేవు దగ్గర సముద్రం గేజీ చూశాను, అక్కడ నీళ్ళు ఇంత పెరగలేదు. కానీ మీ స్తంభం కదల్లేదని పుస్తకం చెబుతోంది. తొమ్మిదేళ్ళ పుస్తకాన్ని కాదనడానికి నాకున్నది ఒక నెల కొలతలు, పిన్నిగారూ. ఇత్తడి బిళ్ళ నుంచి నేనే చూద్దామంటే లెవెల్ మిషను రిపేరుకెళ్ళింది, నెల దాటితే గానీ రాదు."

పుస్తకమే నిజమైతే ఏం రాస్తావని అడిగాను. నీళ్ళు పెరుగుతున్నాయని రాస్తుందట. గట్టు ఎత్తు పెంచి, గేటుని కాంక్రీటుతో శాశ్వతంగా మూసేయమని రాస్తుందట. జులై ఏడున రిపోర్టు పంపాలి.

నా చేతిలో గరిటె ఉందన్న సంగతి, అది చుర్రుమన్నాక గానీ తెలియలేదు.

జూన్ 25

స్తంభం దిగితే నీళ్ళు దాని మీద ఎక్కువ ఎత్తున కనబడతాయి. ఎక్కువ కనబడితే గేటు మూస్తాం. మూస్తే మట్టి రాదు. మట్టి రాకపోతే నేల దిగుతుంది. నేలతో పాటు స్తంభం దిగుతుంది.

పొద్దున్నించీ ఇదే. అంట్లు తోముతూ ఇదే. గేజీ చదువుతూ ఇదే. పద్నాలుగు.

జూన్ 29

అక్క దగ్గరికి పడవ మీద వెళ్ళాను. దారిని నమ్మలేను.

అక్క తుంగ కోసే చోటు చూపించింది. దుబ్బు పట్టి లాగితే కొడవలితో పని లేకుండా చేతిలోకొచ్చేసింది. కింద వేళ్ళు నల్లగా, జిగురుగా, కుళ్ళిన గుడ్ల కంపు. మనిషెత్తు తుంగ నడుం దాకా కూడా లేదు. ఈ తుంగతో అల్లితే చంటిపిల్లల చాపలే అవుతాయి, ఊళ్ళో అంతమంది చంటిపిల్లలు ఎక్కడున్నారంది.

నవ్వలేకపోయాను. ఇల్లు దిబ్బ మీద ఒక పక్కకి ఒరిగినట్టుంది. తలుపు వేస్తే దానంతటది తెరుచుకుంటోంది.

"మీ దొరని గేటు తియ్యమని చెప్పవే. ఏటి ఎర్రనీళ్ళు వచ్చి ఎన్నేళ్ళయింది" అంది.

"తీస్తే ఈ ఏడు నీళ్ళు నీ ఇంట్లోకొస్తాయక్కా. నేల దిగిపోయింది కదా."

అక్క నా వంక చూసింది. నేల దిగిందని నీకెవరు చెప్పారని అడిగింది. కొలతల అమ్మాయి అన్నాను. అది నిజమే. కాని అక్క చూపు నా మీద నుంచి చాలాసేపు కదల్లేదు.

జూన్ 30

గేజీ పద్నాలుగు. మూసే ఉంది.

జులై 2

పదకొండున అమావాస్య. ఈ నెల పోటు పెద్దదిగా ఉంటుందని రేవులో బోర్డు పెట్టారట. పై నుంచి ఏరు కూడా ఎర్రగా దిగుతోంది.

చెబితే గేటు తెరుస్తారు, అక్క ఇంట్లోకి నీళ్ళొస్తాయి. ఆయన ముప్పై ఏళ్ళ పేరు పోతుంది, మార్చిలో రావలసిన మర్యాద పోతుంది. చెప్పకపోతే గేటుకి కాంక్రీటు పోస్తారు. అక్క ఇల్లు ఒక్కసారిగా కాకుండా, మెట్టు తర్వాత మెట్టు దిగిపోతుంది. అక్క కదలదు. చివరి మెట్టు మీద కూర్చుని కూడా చాప అల్లుతూనే ఉంటుంది.

దేవుడే ఏదో దారి చూపిస్తాడని రాద్దామనుకున్నాను. చూపించాడేమో. నేను అటు చూడటం లేదేమో.

జులై 4

చెప్పేశాను.

మధ్యాహ్నం ఆయన చక్రానికి గ్రీజు రాస్తున్నారు. కొలతల అమ్మాయి పడవ మీద దూరంగా ఉంది. పక్కన నిలబడి, "ఏమండీ, నేను ఏడేళ్ళుగా గేజీ సరిచూడలేదు. అంతకు ముందు చూసిన రెండేళ్ళూ తేడా వచ్చింది. లేదని రాశాను" అన్నాను. నా గొంతు చిన్నది. మళ్ళీ చెప్పమంటారేమోనని భయపడ్డాను.

ఆయన గ్రీజు రాయడం ఆపలేదు. ఒక్కొక్క పన్నుకీ రాసి, గుడ్డతో చేతులు తుడుచుకుని, గోడ మీద కూర్చున్నారు.

"ఎంత తేడా?"

"అప్పుడు గీతన్నర. ఇప్పుడెంతో తెలీదు."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాలుగో ఏడో ఐదో ఏడో, నాకూ అనుమానం వచ్చింది" అన్నారు. "ఎండాకాలంలో కూడా మూయాల్సి వచ్చింది చూడు, అప్పుడు. నువ్వు చూసి రాశావు కదా అనుకున్నాను. నీ అంత నిదానమైన మనిషి రాసిందంటే సరే అనుకుని సంతకం పెట్టేశాను."

"మీరు సంతకం పెట్టారు కదా అని నేను ధైర్యం తెచ్చుకున్నాను."

"బాగుంది. ఇద్దరం ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళం నిద్రపోయాం" అన్నారు.

అన్నం తినలేదు. నేనూ తినలేదు.

జులై 5

బజారుకెళ్ళి కొత్త గొట్టం కొనుక్కొచ్చారు. బుడగలు లేకుండా నీళ్ళు నింపి, ఒక కొస నన్ను బిళ్ళ దగ్గర పట్టుకోమని, రెండో కొస పట్టుకుని స్తంభం దగ్గర నడుముల్లోతు నీళ్ళలో నిలబడ్డారు. కొలతల అమ్మాయిని పిలిచి చదవమన్నారు. ఆ అమ్మాయి చదివింది. ఆయన ఒప్పుకోలేదు. మళ్ళీ. నాలుగుసార్లు.

ఐదు గీతలు.

కొలతల అమ్మాయి నా వైపు తిరిగింది. నేను మొత్తం చెప్పాను. ఆమె తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. నోట్సులోకి వంగి రాసుకుంటూ, "రిపోర్టులో ఇది రాయాల్సి వస్తుంది, పిన్నిగారూ. ఎవరు, ఎన్నేళ్ళు, అన్నీ" అంది. రాయమ్మా అన్నాను.

నీళ్ళు తుడుచుకుంటూ ఆయన నిన్నటి అంకె ఎంతని అడిగారు. పద్నాలుగు అన్నాను.

"ఐదు పోతే తొమ్మిది" అన్నారు. "పన్నెండు కింద ఉంటే గేటు తెరిచి ఉండాలి. రూలు."



జులై 6

పెద్దాఫీసులో పెద్దసారుకి ఆయనే ఫోన్ చేశారు. తొమ్మిదేళ్ళ పుస్తకం తప్పంటే ఎవరి మెడకి చుట్టుకుంటుందో తెలుసా అని పెద్దసారు, నా మెడకే సార్ అని ఈయన. ఎంక్వైరీ వేస్తారట. అంతవరకూ గేటు ముట్టుకోవద్దని కాగితం మీద రాసిస్తారా అని ఈయన అడిగారు. ఎంత మెత్తగా అడిగారో. పెద్దసారు కాగితం మీద ఏదీ రాసివ్వనన్నాడు. అయితే రూలే మిగిలింది సార్ అని పెట్టేశారు.

నేను పడవ తీసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. ఈసారి ఏదీ పక్కన పెట్టలేదు.

అక్క అల్లుతూనే వింది. ఒక వరస పూర్తయ్యాక చెయ్యి ఆపింది.

"తొమ్మిదేళ్ళు" అంది. "మీ బావకి దారిలో కాలు దిగబడి నడుం విరిగింది ఆ తొమ్మిదేళ్ళలోనే."

ఈ మాట అక్క అనక ముందు నాకు తట్టలేదని రాయలేను. ఆరేళ్ళుగా ప్రతి ప్రార్థనలోనూ అక్కడి దాకా వచ్చి తప్పుకుని పోతున్నాను.

కాసేపటికి అక్క లేచి మూలనున్న చాపలు చుట్టడం మొదలుపెట్టింది. సాయం చేయబోతే వద్దంది. పడవలో ఎక్కించేటప్పుడు మాత్రం ఒక కొస పట్టుకోనిచ్చింది. "గేటు ఎప్పుడు తీస్తున్నాడు మరిది?" అని అడిగింది. అక్క ఆయన్ని దొర అనకుండా పిలవడం అదే మొదటిసారి.

జులై 7

పొద్దున్నే తెరిచాం. చక్రం బిగుసుకుపోయి ఉంది, ముగ్గురం పట్టాం. ఎర్రనీళ్ళు లోపలికి వెళ్ళాయి. కొలతల అమ్మాయి రిపోర్టు పంపింది.

అక్క ఆ అమ్మాయితో పాటు ముందు గదిలో ఉంది. నాతో మాట్లాడటం లేదు. ఆయనతో మాట్లాడుతోంది.

జులై 9

గేజీ పదిహేనున్నర. ఐదు పోతే పదిన్నర. తెరిచే ఉంది.

పుస్తకంలో రెండు అంకెలూ పక్కపక్కన రాశాను.

జులై 11

పోటు మధ్యాహ్నం వచ్చింది. గేజీ పదిహేడు, ఐదు పోతే పన్నెండు, ఎర్ర గీత దాటలేదు కనుక గేటు తెరిచే ఉంది. గట్టు మీద నిలబడి చూశాం. తుంగ కొసలు మునిగాయి. అక్క దిబ్బ మునిగింది. ఇంటి గడప దాటి ఎర్రనీళ్ళు. ఇల్లు కదిలినట్టు కనబడింది, లేదు, నీళ్ళే కదిలాయి. కాదు, ఇల్లే కదిలిందేమో. పైకే ప్రార్థన చేశాను. అక్క చేతులు కట్టుకుని నిలబడి ఇంటికేసే చూసింది.

జులై 13

నీళ్ళు తీశాయి. అక్కని తీసుకుని పడవ మీద వెళ్ళాను. ఆయన రాలేదు. ఎంక్వైరీ వాళ్ళు పుస్తకాలు పట్టుకెళ్ళడానికి వస్తున్నారు.

ఇల్లు నిలబడి ఉంది. వెనక గోడ కూలింది. లోపల నేలంతా, గది ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఎర్రటి మెత్తటి ఒండ్రు. అక్క వేలు గుచ్చి చూసింది. వేలి కణుపంత లోతు.

నాకు చేతులు ఊరుకోలేదు. గోడకి ఆనించిన చీపురు తీసుకుని గుమ్మం దగ్గర వంగాను. వారం రోజులుగా నాతో మాట్లాడని మనిషి నా మణికట్టు పట్టుకుంది.

"ఊడవకు" అంది. "ఉండనీ."

చీపురు నా చేతిలోంచి తీసి బయట పడేసింది. తర్వాత ఆ బురదలోనే గోడవార కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కొంచెం జరిగింది.

పక్కన కూర్చున్నాను. నేల చల్లగా ఉంది. కణుపు లోతే. మేం పోగొట్టింది దాదాపు రెండు జానలు. అది తిరిగి రావడానికి అక్కకీ నాకూ ఉన్న ఏళ్ళు సరిపోవు. మా బరువుకి కింద ఏమైనా వణుకుతుందేమోనని చాలాసేపు ఊపిరి బిగబట్టి చూశాను.